నిప్పుకు ఓర్చిన ఇనుము

విద్యుత్ పొయ్యిలోని చుట్టతీగ ఎర్రగా కాలుతూ, వంట ముగిసేవరకు చెక్కుచెదరక నిలుస్తుంది. అంతే సన్నని మామూలు ఇనుప తీగను అంత వేడిలో ఉంచితే, అది త్వరలోనే పొరలు పొరలుగా రాలి తెగిపోతుంది. ఆశ్చర్యమేమంటే, పొయ్యి తీగలలో ఒక ముఖ్యమైన రకం బరువులో నూటికి 70 పాళ్ళకు పైగా ఇనుమే. ఈ ఇనుముకు నిప్పును ఓర్చే శక్తి ఎట్లా వచ్చినది?

వేడెక్కిన ఇనుము గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజన్‌తో, కలిసి పొలుసు కడుతుంది. ఆ పొలుసు పగిలి రాలుతుంది; లోపలి లోహం మళ్ళీ గాలికి బయటపడుతుంది. ఇట్లా ఇనుము క్రమంగా తరిగిపోతుంది. దీనికి విరుగుడు పొలుసు లేకుండా చేయటం కాదు, రాలని పొలుసును పుట్టించటం. క్రోమియం చేసే పని అదే. తగినంత క్రోమియం ఉన్న ఉక్కుపై సందులేని పలుచని పొర ఏర్పడి కవచమవుతుంది. దానిపై గీత పడితే, ఆ చోట మరల క్రొత్త పొర కట్టుకొంటుంది.

ఈ రహస్యం తెలియటానికి చాలకాలం పట్టినది. 1821లో ఫ్రాన్సు దేశస్థుడైన పియేర్ బెర్తియే, క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు ఓర్చుకొంటుందని గుర్తించినాడు. కాని ఆనాటి క్రోమియంలో కర్బనం మెండు. అందుచేత ఆ మిశ్రలోహం పెళుసుబారి పనికి రాలేదు. 1892లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ప్రఖ్యాతుడైన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్, క్రోమియం ఉక్కులను గాఢమైన గంధకికామ్లంలో పరీక్షించి, క్రోమియం వల్ల ఉక్కు చెడటం తగ్గదని, పైగా హెచ్చుతుందని నిర్ణయించినాడు. ఆయన పరీక్షలో మోసం లేదు. అయితే ఆ ఆమ్లం రక్షణ పొరను నిలువనీయదు. గాలి, నీరు చెప్పవలసిన సాక్ష్యాన్ని ఆయన గంధకికామ్లం నోట విన్నాడు!

ఇంతలో 1890ల నడుమ జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్, అల్యూమినియం పొడి సహాయంతో కర్బనం లేని క్రోమియాన్ని తీసే పద్ధతిని కనిపెట్టినాడు. దానితో శుద్ధమైన మిశ్రలోహాలను పరీక్షించే వీలు కలిగినది. 1911లో ఆఖెన్ నగరంలో పరిశోధన చేసిన ఫిలిప్ మొనార్ట్జ్, నూటికి సుమారు 12 పాళ్ళు క్రోమియం చేరగానే ఉక్కు గుణం ఒక్కసారిగా మారుతుందనీ, కర్బనం తక్కువగా ఉండాలనీ ప్రకటించినాడు. కర్బనం ఇక్కడ చేసే ద్రోహం చిన్నది కాదు. అది తన బరువుకు 16 రెట్లు క్రోమియాన్ని పట్టి తనతో బంధించుకోగలదు. బందీ అయిన క్రోమియం కవచం కట్టలేదు.

1913లో షెఫీల్డులోనే హ్యారీ బ్రేర్లీ, తుపాకి గొట్టాలు వేడికి అరిగిపోకుండా ఉండే ఉక్కును వెదకుతూ తుప్పు పట్టని ఉక్కును తయారు చేసినాడు. అది చివరకు చాకులకు ప్రసిద్ధి పొందినది. పదును నిలవటానికి అందులో కొంత కర్బనం ఉండనిచ్చినారు. ఆ కర్బనాన్ని ఇంకా తగ్గించి, క్రోమియాన్ని పెంచితే వచ్చేదే ఫెర్రిటిక్ ఉక్కు. శుద్ధమైన ఇనుము సుమారు 910 డిగ్రీల సెంటీగ్రేడ్ వద్ద తన పరమాణువుల అమరికను మార్చుకొంటుంది. ఈ ఉక్కు కరిగేవరకు ఒకే అమరికలో ఉంటుంది. నికెల్ కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కు కంటె ఇది వేడికి తక్కువగా వ్యాకోచిస్తుంది. అందుచేత మాటిమాటికి వేడెక్కి చల్లారినా పై పొర తేలికగా ఊడదు.

ఇక పొయ్యి తీగ సంగతి. అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందిన నికెల్, క్రోమియం తీగ మేలైనదే. కాని దాని హద్దు సుమారు 1200 డిగ్రీలు. నికెల్ ప్రియమైన లోహం కూడ. స్వీడన్‌లోని హాల్‌స్టహమ్మార్ గ్రామంలో హాన్స్ ఫాన్ కాంట్సో, 1920లలో, ఇనుములో క్రోమియంతోపాటు అల్యూమినియాన్ని కలిపి చూచినాడు. నూటికి సుమారు 22 పాళ్ళు క్రోమియం, 5 పాళ్ళు అల్యూమినియం గల తీగపై కట్టే కవచం అల్యూమినియం ఆక్సైడు, అనగా కురువిందపు జాతి పదార్థం. ఈ జాతి తీగలలో మేలైనవి 1400 డిగ్రీల వరకు నిలుస్తాయి. ఆయన పేరును, ఊరి పేరును కలిపి దానికి ‘కాంథాల్’ అని నామకరణం చేసినారు. 1931లో ఆ పేరనే సంస్థ వెలసినది.

అయితే ఈ వరానికి ఒక వెల ఉన్నది. ఎక్కువ వేడిలో ఈ ఉక్కులోని రవ్వలు పెరిగి పెద్దవవుతాయి. అమరిక మారని లోహం కనుక, మామూలు ఉక్కువలె మళ్ళీ కాల్చి చల్లార్చి ఆ రవ్వలను సన్నబరచలేము. అతుకు వేసిన చోట కూడ ఇదే చిక్కు. 475 డిగ్రీల పరిసరాలలో చాలకాలం ఉంచినా లోహం పెళుసెక్కుతుంది. 600 డిగ్రీలకు పైగా కాల్చి త్వరగా చల్లారిస్తే ఆ దోషం మాత్రం పోతుంది. కనుకనే పనివారు దళసరి తీగలను, రేకులను 200, 300 డిగ్రీల వరకు వెచ్చచేసి వంచుతారు.

కర్బనాన్ని చౌకగా తొలగించే ఉపాయం దొరకిన తరువాత ఈ ఉక్కులకు మంచి రోజులు వచ్చినవి. కరిగిన ఉక్కులోనికి ఆర్గాన్, ఆమ్లజని కలిపి ఊది, క్రోమియం వృథా కాకుండా కర్బనాన్ని మండించే పద్ధతి 1968లో అమెరికాలో పారిశ్రామికంగా మొదలైనది. నూటికి 11 పాళ్ళు క్రోమియం గల ఫెర్రిటిక్ ఉక్కు మోటారు కార్ల పొగగొట్టాలలో స్థిరపడినది. నికెల్ అక్కరలేకపోవటం దాని పెద్ద బలం.

పొయ్యి తీగ తెగినపుడు సాగదీసి, మెలివేసి, మరల వాడుకొనటం మన ఇండ్లలో పరిపాటి. ఈ జాతి తీగ బాగా కాలిన తరువాత చల్లగా ఉండగా వంచితే పుటుక్కున విరుగుతుంది. అది కల్తీ సరుకని అంగడివానితో తగవుపడనక్కరలేదు. ఏళ్ళ తరబడి నిప్పును ఓర్చినందుకు అది తన సాగుడు గుణాన్ని వెలగా చెల్లించినది. క్రొత్త తీగ వేయించటమే ఉచితం.