‘యూనివర్సిటీ’ – అక్షరం, ఊనిక, గణం: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు పదాలను గురులఘువులుగా విభజించే పద్ధతిని ఆంగ్ల పాఠకులకు వివరించే ప్రయత్నం దాదాపు రెండు శతాబ్దాల కిందటే జరిగింది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తెలుగు సంస్కృత ఛందస్సులను వివరిస్తూ ఇంగ్లీషులో రచించిన గ్రంథం 1827లో మద్రాసులో అచ్చయింది. అదే లక్షణాన్ని ఇంగ్లీషు పదానికి అన్వయించడం దీనికి ఎదురు దిశలోని పని. 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాన్ని జనం ‘యూనివర్సిటీ’ అనే వ్యవహరిస్తారు. ఆ పదాన్నే ఈ వ్యాసం ఉదాహరణగా స్వీకరిస్తున్నది.

ఇంగ్లీషులో విభజన

ఇంగ్లీషు ఉచ్చారణలో ఈ పదానికి యూ-ని-వర్-సి-టి అని ఐదు భాగాలు. ప్రధానమైన ఊనిక మూడవదైన ‘వర్’ మీద పడుతుంది. ‘యూనివర్స్’ అన్నప్పుడు మొదటి భాగం మీద ఉండే ఊనిక, ‘ఇటీ’ ప్రత్యయం చేరగానే ‘వర్’కు జరుగుతుంది. పదాంశాల దృష్టితో చూస్తే ‘యూని’ ఒకటి అనే అర్థాన్నీ, ‘వర్స్’ మరలినది అనే అర్థాన్నీ ఇచ్చే లాటిన్ మూలాల నుండి వచ్చాయి. ‘వర్స్’ చివరి సకారం ఉచ్చారణలో ప్రత్యయపు ఇకారంతో కలిసి ‘సి’ అవుతున్నది. అంటే ఉచ్చారణ విభజన, పదాంశ విభజన ఇంగ్లీషులోనే వేర్వేరు.

తెలుగులో విభజన

తెలుగు లిపిలో రేఫ తరువాతి అక్షరంతో చేరి ‘వ-ర్సి’ అవుతుంది. అయితే సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అనే సూత్రం, లిపి మరుగుపరచిన ‘వర్’ బరువును తిరిగి పట్టి చూపుతుంది. గురువు, లఘువు, గురువు, లఘువు, గురువు అనే క్రమంలో ఇది ర గణం, వ గణం. ‘యూనివర్సిటి’ అని హ్రస్వాంతంగా రాస్తే చివరి రెండూ లఘువులే. ఇంగ్లీషులో ప్రధానమైన ఊనిక ఒక్కచోటే ఉండగా, తెలుగు దీర్ఘాంత రూపంలో యూ, వ, టీ మూడూ సమానంగా ద్విమాత్రకాలు.

‘విశ్వవిద్యాలయం’ పదాన్ని గణవిభజన చేస్తే విశ్వవి-ద్యాలయం అని రెండు ర గణాలు వస్తాయి. విశ్వ, విద్యా, ఆలయం అనే పదాంశాల హద్దులు ఈ గణాల హద్దులతో కలవవు. సవర్ణదీర్ఘసంధి వల్ల ఒక హద్దు ‘ద్యా’లోనే లీనమైంది.

ముగింపు

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి మూడు గురువులనూ సమానంగా పలికినప్పుడు తరగతిలో నవ్వులు వినబడటం కద్దు. ఆ ఉచ్చారణ ఇంగ్లీషు నియమానికి భిన్నమే కాని నియమరహితం కాదు. మాత్రాప్రధానమైన తెలుగు లక్షణం దానికి ఆధారం. అన్యదేశ్య పదాల అధ్యయనంలో అక్షర, ఊనిక, పదాంశ, గణ విభజనలను విడివిడిగా చూపినప్పుడే ఈ తేడా ‘తప్పు’గా కాక, రెండు వ్యవస్థల భేదంగా బోధపడుతుంది.