ఒకే తీగపై రెండు కాపురములు

టెలిఫోను మ్రోగిన క్షణముననే ఇంటర్నెట్టు తెగిపోవుట కొన్నియేండ్లపాటు మన గృహములలో పలువురు చవిచూచిన చిక్కు. 2005వ సంవత్సరము జనవరిలో భారత్ సంచార్ నిగమ్ సంస్థ బ్రాడ్‌బ్యాండు సేవను ప్రారంభించినపుడు ఇండ్లకు క్రొత్త తీగలు లాగలేదు; పాత టెలిఫోను తీగల జంటయే రెండవ బరువును గూడ తలకెత్తుకొనెను. ఈ తగవునకు మూలము తెలియవలెనన్న నూఱేండ్లకు పైగా వెనుకకు పోవలెను.

గ్రాహం బెల్ 1876లో టెలిఫోనునకు పేటెంటు పొందెను. మనుష్యుని మాట తెలియుటకు సెకనునకు 300 మొదలు 3,400 వఱకు ఆవృత్తులు చాలును. అంతకు పైనున్న భాగమును ఆనాడు కోరినవారు లేరు. సరిగదా, దూరపు మాట స్పష్టముగా వినవచ్చుటకై 1900 ప్రాంతమున జార్జి కాంబెల్, మైకేల్ ప్యూపిన్ అనువారు వేర్వేరుగా, తీగకు నడుమనడుమ చుట్టలు తగిలించు పద్ధతిని కనిపెట్టిరి. పేటెంటు ప్యూపినునకు దక్కెను. ఆ చుట్టలు మాటను నిలిపినవి గాని, పై ఆవృత్తులకు తలుపు మూసినవి. బ్రాడ్‌బ్యాండు వచ్చిన పిదప వానిని వెదకి తొలగింపవలసి వచ్చెను! అయితే విద్యుత్తరంగములను వడబోయు సాధనమునకు 1917లో పేటెంటు పొందినవాడును ఆ కాంబెల్లే. మన చిక్కును తీర్చునది ఆ వడపోతయే.

1980వ దశకము చివర అమెరికాలో జోసెఫ్ లెక్లైడర్ అను ఇంజనీరు, ఇంటికి వచ్చు సమాచారమునకు వెడల్పు త్రోవయు, ఇంటినుండి పోవుదానికి ఇఱుకు త్రోవయు నిచ్చినచో, ఒకే కట్టలోని తీగల నడుమ గలిబిలి తగ్గునని చూపెను. ఏడీఎస్‌ఎల్ అనబడు ఈ పద్ధతిలో సమాచారము సుమారు 25 వేల ఆవృత్తుల మొదలు 11 లక్షల వఱకు నడచును. క్రింది అంతస్తున మాట, పై అంతస్తున సమాచారము.

టెలిఫోను యంత్రమునకు ఈ యేర్పాటు తెలియదు. గంట మ్రోగునపుడు తీగపై పెద్ద వోల్టేజి ఎక్కును. రిసీవరు ఎత్తగనే తీగపై భారము మాఱును. పై తరంగములను యంత్రము కొంత మ్రింగివేయును. మోడెము పట్టు తప్పి మరల మొదటినుండి సంధానమునకు దిగును. చుట్టలును కండెన్సర్లును గల చిన్న వడపోత డబ్బీని ప్రతి టెలిఫోనునకు ముందు తగిలింపవలెను. మోడెమునకు మాత్రము తగిలింపరాదు.

దోషమెచ్చటనో తెలియుటకు టెలిఫోనులన్నిటిని ఊడదీసి, మోడెమును మాత్రమే ఉంచి చూడవలెను. నిలకడగా నడచినచో ఒక్కొక్కదానిని తిరిగి కలుపుచు పోవలెను. రిసీవరులో బుసవంటి శబ్దము వినవచ్చినచో వడపోత లేదనియో, తలక్రిందులుగా నున్నదనియో అనుమానింపవచ్చును. అన్నియు ఊడదీసినను గంట వచ్చినపుడెల్ల తెగుచున్నచో బయటి తీగలో త్రుప్పుపట్టిన అతుకును శంకింపవలెను. విచిత్రమేమనగా, అట్టి అతుకున్నచోట టెలిఫోనులో మాటాడునంతసేపు ఇంటర్నెట్టు బాగుపడుటయు కలదు. ప్రవహించు విద్యుత్తు త్రుప్పు పొరను తాత్కాలికముగా ఛేదించును.

ఇప్పుడు పెక్కు ఇండ్లకు గాజుతీగ వచ్చినది. రాగితీగ మిగిలిన ఇండ్లలో మాత్రము ముందుగా చూడదగినది పడకగదిలోని రెండవ టెలిఫోను. డబ్బీ తగిలించుట మఱచునది సాధారణముగా అచ్చటనే.