ఏటికి అవతలి ఒడ్డే విదేశమైన రోజులు: మస్కి నుంచి ఒక పన్ను కథ



మన క్యాంపుల్లో నలుగురు పెద్దలు కూర్చున్నచోట ఈ మధ్య రెండు ప్రశ్నలు తరచూ వినపడుతున్నాయి. "మావాడి కంపెనీ అమెరికాది, జీతం డాలర్లలో వస్తుంది, ఇంట్లో కూర్చుని చేస్తాడు. ఇక్కడ పన్నెందుకు?" అని ఒకరు. "మా అల్లుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఆ జీతానికి ఇక్కడ కూడా పన్ను కట్టాలంటున్నారు, నిజమేనా?" అని ఇంకొకరు. రెండింటికీ జవాబు ఒకే సూత్రంలో ఉంది. ఆ సూత్రం మన ప్రాంతానికి కొత్తదేం కాదు.

1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు మస్కిలో అశోకుడి పేరున్న శాసనాన్ని కనుగొన్నాడు. అప్పటికి మస్కి ఉన్నది బ్రిటిష్ ఇండియాలో కాదు, నిజాం రాజ్యంలో. తుంగభద్రకు దక్షిణాన బళ్లారి 1800లోనే నిజాం చేతినుంచి కంపెనీకి పోయింది. అంటే మనకు ఏటి అవతలి ఒడ్డు వేరే ప్రభుత్వం, వేరే చట్టం.

ఆదాయపు పన్నును బ్రిటిష్ ఇండియాలో 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చాడు. తర్వాత 1886లో ఒక చట్టం, 1922లో మరొకటి వచ్చాయి. వాటి ప్రకారం రాయచూరు మనిషికి బళ్లారిలో అంగడి ఉంటే ఆ లాభం మీద బళ్లారిలో పన్ను పడేది. బళ్లారి వ్యాపారికి రాయచూరులో వచ్చిన లాభం మీద మాత్రం, ఆ డబ్బు బ్రిటిష్ ఇండియాలోకి తెచ్చుకునేదాకా సాధారణంగా పన్ను ఉండేది కాదు. ఒక్క మినహాయింపు: బ్రిటిష్ ప్రజ అయినవాడు ఆ సర్కారు ఉద్యోగం చేస్తుంటే, సంస్థానంలో ఉన్నా పన్ను తప్పేది కాదు.

1939లో ఇంకో లెక్క చేరింది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాడు ఇక్కడి నివాసి. ఈనాడు మన పిల్లలు పాస్‌పోర్టు ముద్రలు చూసుకుంటూ లెక్కపెట్టే 182 ఆనాటిదే.

హైదరాబాదు సంస్థానం తన సొంత ఆదాయపు పన్ను చట్టాన్ని ఫస్లీ 1357లో, అంటే 1947-48లో చేసుకుంది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత చట్టమే ఇక్కడికి వచ్చింది. అవతలి ఒడ్డు విదేశం కాకుండా పోయింది.

తర్వాత తుంగభద్ర ఎడమ కాలువ నీటి వెంట ఆంధ్ర నుంచి మనవాళ్లు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. వరి పండించారు. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు, అది 1886 నుంచీ ఉన్న మినహాయింపే. అందుకే మన తాతలకు శిస్తు తెలుసు, నీటి తీరువా తెలుసు, రిటర్న్ అంటే తెలియదు. చాలా ఇళ్లలో మొదటి రిటర్న్ వేసింది మనవడు. అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో పెద్దలెవరికీ ఆ అనుభవం లేదు. పొరపాట్లు జరిగేది అక్కడే.

ఇప్పుడు ఆ రెండు ప్రశ్నలకు వద్దాం. చట్టం ముఖ్యంగా అడిగేవి రెండే: ఎక్కడ ఉన్నావు, ఎక్కడ కూర్చుని పని చేశావు? కంపెనీ ఎవరిది, జీతం ఏ కరెన్సీలో వచ్చింది అన్నది తర్వాతి సంగతి.

మస్కిలో ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీకి పని చేసే అబ్బాయి ఇక్కడి నివాసి. మొత్తం జీతం మీద ఇక్కడే పన్ను. విదేశీ కంపెనీ టీడీఎస్ కోయకపోతే, జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 తేదీల్లోగా అడ్వాన్సు ట్యాక్స్ తనే కట్టుకోవాలి. కట్టకపోతే వడ్డీ పడుతుంది.

దుబాయ్ అల్లుడు ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే ఉంటే నాన్ రెసిడెంట్. అక్కడ పని చేసి అక్కడే తీసుకున్న జీతం మీద ఇక్కడ పన్ను లేదు. 2020లో వచ్చిన మార్పుతో గల్ఫ్ వాళ్లంతా భయపడ్డారు. అది ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవారికి సంబంధించింది. వారికి కూడా గల్ఫ్ జీతం మీద ఇక్కడ పన్ను పడదు. కాకపోతే అలాంటివారు సెలవులకొచ్చినప్పుడు 182 కాదు, 120 రోజుల దగ్గరే జాగ్రత్తపడాలి. ఇక్కడి ఇంటి అద్దె, ఎన్‌ఆర్‌ఓ ఖాతా వడ్డీ మాత్రం ఎక్కడున్నా ఇక్కడి లెక్కే.

అమెరికాలో స్థిరపడినవారికి ఒక మాట. ఆ దేశం తన పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని వాళ్లు ఎక్కడున్నా పన్ను అడుగుతుంది. ఒకే ఆదాయం మీద రెండుసార్లు పడకుండా 1989లో భారత్, అమెరికా ఒప్పందం చేసుకున్నాయి. ఒకచోట కట్టిన పన్నుకు రెండోచోట తగ్గింపు అడగవచ్చు, కాని రసీదులు ఉండాలి.

1961 చట్టం స్థానంలో కొత్త చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు వేరు. ఎక్కడున్నావన్న ప్రశ్న మారదు.

కాబట్టి పిల్లలకు చెప్పండి: వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోమని. అది చేతిలో ఉంటే ఆడిటర్ దగ్గర సగం పని అయినట్టే.