లేదనిన మూలమునకు కోటిజ్య



పావులూరి మల్లన తెనుగు గణితమును మీలో కొందరైనను వినియుందురు. దానికి మూలము 9వ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము. ధనమును వర్గించినను ఋణమును వర్గించినను ధనమే వచ్చును. కావున ఋణసంఖ్య స్వభావముచేతనే వర్గము కాదు, దానికి వర్గమూలము లేదు అని ఆచార్యుడు అందు నిర్ణయించెను. ఆయన లేదనిన యా మూలమునకు నేడు గణకయంత్రము కోటిజ్యను సైతము గణించుచున్నది. ఇది యెట్లు పొసగినదో మనవి చేసెదను.

లంబకోణ త్రిభుజమున కర్ణము 1 అయినచో, కోణము నంటియున్న భుజమే కోటిజ్య. భుజము కర్ణమును మించదు గనుక కోటిజ్యయు 1ని మించదు. ఆర్యభటుడు 3438 వ్యాసార్ధముగా గైకొని 24 జ్యాఖండములను చెప్పెను. 14వ శతాబ్దమున కేరళమందు సంగమగ్రామ మాధవుడు పట్టికతో పనిలేని మార్గమును చూపెను. నేటి మాటలలో అది యిట్లుండును: 1 నుండి చాపవర్గములో 2వ వంతు తీసివేయవలెను, నాలుగవ ఘాతములో 24వ వంతు కలుపవలెను, ఆరవ ఘాతములో 720వ వంతు తీసివేయవలెను, ఇట్లే సాగవలెను. దీని యుపపత్తిని జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దమున యుక్తిభాష యను మలయాళ గ్రంథమున వివరించెను. ఐరోపాలో న్యూటను 17వ శతాబ్దమున ఈ శ్రేణినే కనుగొనెను.

ఇక ఋణమూలము సంగతి. ఇటలీ దేశీయుడగు బొంబెల్లి 1572లో దానికి గుణకారనియమములను ప్రకటించెను. 1748లో ఆయిలరు దానిని జ్యా, కోటిజ్యలతో ముడివైచెను.

మాధవుని శ్రేణిలో చాపమునకు బదులు ఋణము 1 యొక్క మూలము నుంచి చూడుడు. దాని వర్గము ఋణము 1; కావున తీసివేతలన్నియు కూడికలగును. 1, అర, 24వ వంతు, 720వ వంతు వరుసగా కూడగా సుమారు 1.543 వచ్చును. కోటిజ్య 1ని మించినది! త్రిభుజము ఇచ్చట చెల్లకపోయినను శ్రేణి చెల్లినది.

1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు డెన్నిస్ రిచీ, యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయుటకై ‘సి’ యను భాషను నిర్మించెను. అందు మొదట సంకీర్ణసంఖ్యలు లేవు. వాస్తవభాగమును, కల్పితభాగమును వ్రాయువాడే వేరువేరుగా లెక్కకట్టవలసి యుండెను. 1999 నాటి ప్రమాణమున అవి చేరగా, ‘సీకాస్’ అను నొక్క మాటతో ఆ కోటిజ్య లభించుచున్నది. అయినను యంత్రమునకు మేర కలదు. వాస్తవభాగము సున్నయై కల్పితభాగము 711 అయినచో, వాడుకలోనున్న ద్విగుణ పరిమాణపు సంఖ్యలో ఫలము పట్టదు. యంత్రము దానిని అనంతమని చూపును. నిజముగా నది పరిమితసంఖ్యయే. ఈ భేదమెరుగనివాడు యంత్రము చెప్పినదెల్ల నమ్మి చెడును.

మహావీరుడు ఎరిగిన సంఖ్యలలో ఆయన నిర్ణయము నేటికిని సత్యమే. యంత్రవిద్య యంతయు మాధవునిదే యనుట యసత్యము; ఆయన పేరెత్తకుండుట కృతఘ్నత. మీ మనుమలు ఈ విద్య నభ్యసించునపుడు, ఎవరి పాలు వారికిచ్చి యీ కథను చెప్పుడు.