ఆగిన మెట్టు దగ్గర నుంచే

వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో పనిచేసిన ఉపాధ్యాయ సభ్యులకు ఏకోపాధ్యాయ పాఠశాల సంగతి చెప్పనక్కరలేదు. ఒకే గది, ఒకే అయ్యవారు, ఐదు తరగతులు. చెనక్కాయలు పెరికే రోజుల్లో బడి మానిన కూలివాళ్ల బిడ్డ తిరిగి వచ్చేసరికి పాఠం ముందుకు సాగిపోయేది. అందుకోలేని బిడ్డను మొద్దు అన్నాము. లోపం బిడ్డది కాదు, పాఠం నడిచిన తీరుది.

ఈ చిక్కుకు ఒక దారి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ నుంచే వచ్చింది. జిడ్డు కృష్ణమూర్తి గారు స్థాపించిన ఆ సంస్థ 1980వ దశకం చివర చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు తెరిచింది. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను కార్డులుగా విడదీసి నిచ్చెన మెట్లలా అమర్చారు. కొన్ని మెట్లు అయ్యవారి సాయంతో, కొన్ని తోటిపిల్లల సాయంతో, కొన్ని తనంతట తానే ఎక్కాలి. బడి మానిన బిడ్డ తిరిగి వచ్చి ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెట్టవచ్చును.

ఈ పద్ధతి మన సరిహద్దులు దాటింది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో 'నలి కలి' పేరుతో మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ప్రవేశించి, తరువాత తమిళనాడు సర్కారు బడులంతటా పాకింది. అయితే కార్డులు పంచినంత మాత్రాన చదువు రాదు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నదో చూసే కన్ను కావాలి.

ఆ కన్ను మనకున్నది, తీరికా ఉన్నది. మీ వీధిలోని సర్కారు బడి పిల్లలను పిలిచి ఒక పేజీ చదివించండి. ఎక్కడ ఆగితే అక్కడ నుంచే చెప్పండి.