సెల్‌ఫోన్‌లో విద్యార్థి సేవలు: చారిత్రక పరిశీలన

దూరవిద్య చరిత్ర అనగానే రేడియో పాఠాలు, దూరదర్శన్ పాఠాలు, ఉపగ్రహ ప్రసారాలు గుర్తుకువస్తాయి. కానీ విద్యార్థికి పాఠం ఎంత అవసరమో పరీక్ష రుసుము గడువు, హాల్‌టికెట్, కాంటాక్ట్ తరగతుల సమాచారం కూడా అంతే అవసరం. ఈ సేవలు సెల్‌ఫోన్‌లోకి ఎలా వచ్చాయో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పట్లో సమాచారమంతా తపాలా ద్వారా, అధ్యయన కేంద్రం నోటీసు బోర్డు ద్వారా అందేది. ఉత్తరం ఆలస్యమైతే గడువు దాటిపోయేది. నోటీసు చూసుకోవడానికే ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కిన విద్యార్థులున్నారు. ఈ ఖర్చు ఏ విశ్వవిద్యాలయ బడ్జెట్‌లోనూ కనిపించదు.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి వెళ్ళింది. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టవలసిన రోజులవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే ఫోను సామాన్యుల చేతికి చేరడం మొదలైంది. ఆ ఫోన్లలో విశ్వవిద్యాలయాలు వాడుకోగలిగింది ఎస్ఎంఎస్‌నే. అందువల్ల ఫోనులోకి మొదట వచ్చినవి పాఠాలు కావు, పరీక్ష తేదీలూ ఫలితాలూ.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక చిక్కును గమనించాలి. ఒక ఎస్ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. తెలుగు లిపిలో 70 మాత్రమే. అందులోనూ గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. 'విశ్వవిద్యాలయం' అన్న ఒక్క మాటకే 14 పోతాయి. తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇంగ్లీషులో సందేశం రావడానికి ఉదాసీనత కొంత కారణమైతే, ఈ లెక్క మరికొంత కారణం.

2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ టాబ్లెట్‌ను విడుదల చేసింది. విద్యార్థులకు చౌకగా అందించాలన్నది ఉద్దేశం. ఆలోచన మంచిదే, కానీ పరికరం నెమ్మది, తెర మొండి. పథకం నిలవలేదు. ప్రభుత్వ పథకం చేయలేని పనిని 2016 తర్వాత చౌకైన డేటా చేసింది. 2017 జూలైలో స్వయం వేదిక ప్రారంభమైంది.

అయితే చౌక డేటా అందరికీ చేరలేదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు సుమారు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం. గ్రామాల్లో కంప్యూటరున్న ఇళ్ళు 5 శాతం కూడా లేవు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి తరగతులన్నీ ఆన్‌లైన్‌కు మారినప్పుడు, గ్రామీణ విద్యార్థికి ఆధారం ఫోన్ ఒక్కటే.

సర్వే 'కుటుంబం' లెక్క చెబుతుందని మరచిపోకండి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను పగలంతా తండ్రి దగ్గరో అన్న దగ్గరో ఉంటే, ఆ ఇంటి అమ్మాయి పేరు మీద వచ్చే ఓటీపీ కూడా వాళ్ళ దగ్గరికే వెళుతుంది. ప్రవేశ దరఖాస్తులో ఇచ్చిన నంబరే ఇప్పుడు విద్యార్థి చిరునామా. ఉత్తరాల కాలంలో ఇల్లు మారినా పోస్ట్‌మన్ ఊళ్ళో అడిగి చేర్చేవాడు. రీఛార్జి చేయక రద్దయిన నంబరును మాత్రం కంపెనీ కొంతకాలానికి మరొకరికి ఇస్తుంది. ఆ తరువాత హాల్‌టికెట్ సందేశం ముక్కూమొహం తెలియని మనిషికి వెళుతుంది.