చెల్లింపు హామీ ఎవరిది? హుండీ మొదలు ఈ-రూపాయి వరకు

భారతదేశంలో చెల్లింపు వ్యవస్థల చరిత్రను తంతి, కంప్యూటరు, మొబైలు ఫోను ఒకదాని వెనుక ఒకటి వచ్చిన క్రమంగా చెప్పడం పరిపాటి. అయితే ఆ క్రమాన్ని అడుగడుగునా మలుపు తిప్పినది చాలావరకు అధికారానికి సంబంధించిన తగాదాయే. సొమ్ము చెల్లిస్తానని మాట ఇచ్చే హక్కు ఎవరికుంది, ఆ మాట తప్పితే బాధ్యత ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నలకు కాలానుగుణంగా దొరికిన సమాధానాలే ఈనాటి చట్టాలుగా రూపుదిద్దుకున్నాయి.

ఒక ఊరి షావుకారు మరో ఊరిలోని తన కొఠీకి గాని, తనతో లావాదేవీలున్న వేరొక షావుకారుకు గాని, ఫలానా వారికి ఇంత సొమ్ము ఇవ్వవలసిందని రాసి పంపే ఉత్తర్వే హుండీ. చూపిన వెంటనే సొమ్ము ఇవ్వవలసినది దర్శని హుండీ కాగా, గడువు తీరాక ఇవ్వవలసినది ముద్దతి హుండీ. షాజోగ్ హుండీ అనే మరో రకాన్ని బజారులో పరపతి ఉన్న షావుకారు ద్వారా తెస్తేనే సొమ్ము ముట్టేది కనుక, దొంగిలించిన హుండీ ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వెనక్కి వెళ్లి ఆరా తీయడం సాధ్యమయ్యేది. అంకెలు దిద్దకుండా ఉండేందుకు, వంద రూపాయలు రాసిన చోటే దాని సగమైన యాభైకి రెట్టింపు అని కూడా అక్షరాలలో రాసేవారు. హుండీ పోతే దాని బదులు పేఠ్, అదీ పోతే పర్‌పేఠ్ రాసి ఇచ్చేవారు. ఇంత కట్టుదిట్టమైన వ్యవస్థ ప్రభుత్వ ప్రమేయం లేకుండానే నడిచింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సైతం ప్రాచ్య భాషలలో రాసిన పత్రాలకు సంబంధించిన స్థానిక ఆచారాల జోలికి తాను పోనని మొదటి సెక్షనులోనే చెప్పుకుంది.

హుండీని దాని మానాన వదిలిన ప్రభుత్వం నోటును మాత్రం వదలలేదు. అంతవరకు బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు తమ పేరిట వేస్తూ వచ్చిన నోట్లకు 1861 నాటి కాగితపు కరెన్సీ చట్టంతో కాలం చెల్లింది. నిజాం రాజ్యం ఇందుకు మినహాయింపు. అక్కడ హాలీ సిక్కా అనే నాణెం, 1918 తరువాత సొంత నోట్లు కూడా చలామణిలో ఉండేవి. కల్దార్ అని పిలిచే బ్రిటిష్ ఇండియా రూపాయలు 6 కావాలంటే సుమారు 7 హాలీ రూపాయలు ఇచ్చుకోవలసి వచ్చేది. హాలీ నాణెం చెల్లుబాటు 1959 దాకా సాగింది.

అసలు గీత 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షనులో పడింది. చూపినవారికి అడిగిన వెంటనే చెల్లిస్తాననే పత్రాన్ని, అది హుండీ అయినా ప్రామిసరీ నోటు అయినా, రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం తప్ప మరెవరూ జారీ చేయరాదని ఆ సెక్షను శాసించింది. అయితే ఖాతాలో ఉన్న సొమ్ము మీద బ్యాంకరుకో షరాబుకో రాసే చెక్కులకు, హుండీలకు అందులోనే మినహాయింపు ఇచ్చింది. అంటే, ఉన్న సొమ్మును ఒక చోటి నుంచి మరో చోటికి కదిలించే కాగితం ఎవరైనా రాసుకోవచ్చు గాని, తానే సొమ్ముగా చేతులు మారే కాగితాన్ని పుట్టించే హక్కు రాజ్యానిదే. తరువాతి తొంభై ఏళ్ల నియంత్రణ చాలావరకు ఈ తేడా చుట్టూ తిరిగినదే.

సొమ్మును కదిలించే పని ఎంతో కాలం నత్తనడకనే సాగింది. బ్యాంకుల ప్రతినిధులు క్లియరింగ్ హౌసులో చెక్కులను మార్చుకోవడం, ఎవరు ఎవరికి నికరంగా ఎంత బాకీయో తేల్చి రిజర్వు బ్యాంకులోని ఖాతాలలో సర్దుకోవడం పద్ధతిగా ఉండేది. 1980ల రెండో భాగంలో అయస్కాంత సిరాతో అచ్చువేసిన తొమ్మిది అంకెల కోడు చెక్కు అడుగున చేరింది. వాటిలో మొదటి మూడు నగరాన్ని, తరువాతి మూడు బ్యాంకును, చివరి మూడు శాఖను సూచిస్తాయి. నగరపు అంకెలు తపాలా పిన్ కోడు నుంచి తీసుకున్నవే కావడంతో హైదరాబాదు చెక్కులు 500తో మొదలవుతాయి.

ఆ తరువాతి అంకానికి హైదరాబాదే వేదికయింది. రిజర్వు బ్యాంకు 1996లో అక్కడ నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనాసంస్థ ఐడీఆర్‌బీటీ, 1999లో బ్యాంకులను కలిపే ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్కును, 2004లో ఒక బ్యాంకు కార్డుతో వేరే బ్యాంకు ఏటీఎంలో సొమ్ము తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను నడిపింది. ప్రతి చెల్లింపును విడివిడిగా, అప్పటికప్పుడు పరిష్కరించే ఆర్‌టీజీఎస్ 2004లో, చెల్లింపులను గుత్తులుగా చేర్చి పరిష్కరించే నెఫ్ట్ 2005లో వచ్చాయి. ఇంత యంత్రాంగం నిలబడిన తరువాత గాని దానికి తగిన చట్టం రాలేదు. 2008 ఆగస్టులో అమలులోకి వచ్చిన 2007 నాటి చెల్లింపు, పరిష్కార వ్యవస్థల చట్టం, రిజర్వు బ్యాంకు అనుమతి లేనిదే ఎవరూ చెల్లింపు వ్యవస్థ నడపరాదని నిర్దేశించింది. ఖాతాలో సొమ్ము లేక ఎలక్ట్రానిక్ బదిలీ విఫలమైతే, చెక్కు బౌన్సుకు వర్తించే శిక్షనే దానికీ వర్తింపజేసింది. 2008 చివర ఏర్పడిన జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి 2009 డిసెంబరులో ఐడీఆర్‌బీటీ తన స్విచ్‌ను అప్పగించింది.

2016 ఏప్రిల్‌లో ఎన్‌పీసీఐ ప్రవేశపెట్టిన యూపీఐలో సొమ్ము ఫోనులో ఉండదు. అది బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది, యాప్ మోసుకుపోయేది ఉత్తర్వును మాత్రమే. చట్టం దృష్టితో చూస్తే ఇది దర్శని హుండీకి దగ్గరి చుట్టం. బ్యాంకుల మధ్య నికర బాకీలు రోజుకు పలుమార్లు రిజర్వు బ్యాంకు ఖాతాలలో సర్దుబాటవుతాయి. 2019 అక్టోబరులో నెలకు 100 కోట్లు దాటిన యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులో 1,000 కోట్లు దాటాయి. 2020 జనవరి నుంచి వ్యాపారి వద్ద రుసుము వసూలు చేయరాదన్న నిబంధన ఈ పెరుగుదలకు తోడ్పడిన మాట నిజమే గాని, వ్యవస్థను నడిపే ఖర్చు ఎవరు భరించాలన్న చిక్కును అదే తెచ్చిపెట్టింది.

2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ 1934 నాటి గీతకు ఏ పక్కనా ఇమడలేదు. దానిని జారీ చేసినవాడంటూ ఎవరూ లేరు, చెల్లిస్తానని ఎవరూ మాట ఇవ్వలేదు. మాటను నియంత్రించడానికి పుట్టిన చట్టానికి అక్కడ పట్టు దొరకలేదు. 2013 డిసెంబరులో ప్రజలను హెచ్చరించి ఊరుకున్న రిజర్వు బ్యాంకు, 2018 ఏప్రిల్ 6న దారి మార్చి, తన అదుపులోని బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలు అందించరాదని ఆదేశించింది. వస్తువు చేతికి చిక్కకపోతే దానికి దారితీసే వాకిలి మూయడమన్నమాట. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకుకు అధికారం ఉందని ఒప్పుకుంటూనే, బ్యాంకులకు జరిగిన హాని ఏమిటో చూపలేనప్పుడు ఈ చర్య మోతాదు మించినదని తేల్చి ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ఆ తరువాత ప్రభుత్వం పన్నుల మార్గం పట్టి, 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను విధించింది.

సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన మరునాడే చెల్లింపు వ్యవస్థలోని మరో బలహీనత బయటపడింది. మార్చి 5న యెస్ బ్యాంకుపై మారటోరియం విధించి, ఖాతాదారులు తీసుకోగల సొమ్మును 50,000 రూపాయలకు పరిమితం చేయడంతో, ఆ బ్యాంకు ద్వారా యూపీఐ సేవలు నడుపుతున్న ఫోన్‌పే కూడా స్తంభించింది. ఇతర బ్యాంకులలో నిక్షేపంగా సొమ్ము ఉన్నవారు సైతం ఆ యాప్‌తో చెల్లించలేకపోయారు.

2022 డిసెంబరు 1న ముంబయి, న్యూఢిల్లీ, బెంగుళూరు, భువనేశ్వర్‌లలో ప్రయోగాత్మకంగా ప్రజల చేతికి వచ్చిన రిజర్వు బ్యాంకు డిజిటల్ కరెన్సీ ఈ-రూపాయి ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. బ్యాంకు ఖాతాలోని సొమ్ము ఆ బ్యాంకు బాకీ, దానికి 5 లక్షల రూపాయల వరకే బీమా ఉంది. ఈ-రూపాయి నోటు లాగానే నేరుగా రిజర్వు బ్యాంకు బాకీ, దానిపై వడ్డీ రాదు. యూపీఐ ఉచితంగా నడుస్తున్నంత కాలం ఈ తేడా కోసం మామూలు ఖాతాదారు చెల్లింపు అలవాటు మార్చుకుంటాడని ఆశించడం కష్టం.